బ్రౌజరులో మా చెల్లెలి కాటా

మా చెల్లెలికి అంకెలు కనపడటం లేదని నాకు క్యాలెండరు దగ్గర తెలిసింది. ఏలూరులో మా వంటగది గోడకి వేలాడే క్యాలెండరు. "ఇవాళ ఎంత తారీకే అక్కా?" అంటూ దాని ముందు నిలబడి, కోడిపెట్ట గింజని చూసినట్టు తల పక్కకి వంచి, ముందు ఒక కంటి కొసతో, తర్వాత రెండో కంటి కొసతో చూసింది. నేను జవాబు చెప్పేలోపే వచ్చి చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి కూర్చుంది. ఈనెలు మాత్రం ఒక్కటి వదలకుండా తీసింది. ఆ పనికి వేళ్ళు చాలు కదా.

నేను ఇలా చెప్పుకుపోతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. "కాస్త నెమ్మదిగా మామ్మా" అంటోంది. నెమ్మదిగా చెప్పడం నాకు రాదు. ఈ కథలో సగం తన పనే కాబట్టి ఎక్కడైనా వెనకపడితే తనే అందుకుంటుంది.

మా చెల్లెలిది కొల్లేటి ఒడ్డున ఊరు. మా ఇంటి నుంచి ఆటోలో గంట ప్రయాణం. ఆ ఊళ్ళో నలుగురైదుగురు చెరువు రైతులకి తనే కాటా మనిషి. అంతకు ముందు వాళ్ళాయన చేసేవాడు. ఆయనకి మోకాళ్ళు పట్టేశాక స్టూలు మీదికి ఈవిడ వచ్చింది. పట్టుబడి రోజున, అంటే చెరువులో చేపలు పట్టే రోజున, వలలో పడ్డ శీలావతులూ బొచ్చెలూ ప్లాస్టిక్ ట్రేలలో గట్టు మీదికి వస్తాయి. ట్రేని కాటా మీద పెట్టగానే మా చెల్లెలు అరచెయ్యి పైకెత్తుతుంది. ట్రే కన్నాల్లోంచి నీళ్ళు ధారగా కారతాయి. ధార సన్నబడి, చుక్కలై, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం వచ్చేదాకా ఆ చెయ్యి దిగదు. దిగగానే అంకె పిలుస్తుంది. "ముప్పై ఎనిమిదిన్నర!" చేపలు కొనే లారీ తరఫు గుమాస్తా "ముప్పై ఎనిమిదిన్నర" అని తిరిగి చెప్పాలి. అప్పుడే ట్రే కదులుతుంది.

చెయ్యి తొందరగా దించితే నీళ్ళు కూడా చేపల లెక్కలో తూగిపోతాయి, కొనేవాళ్ళు ఊరుకోరు. ఆలస్యంగా దించితే ఎండకి చేప ఆరిపోతుంది, రైతు ఊరుకోడు. ఎన్నో ఏళ్ళుగా రెండు పక్షాలవాళ్ళూ ఊరుకున్నారంటే ఆ చెయ్యి దిగేవేళ మీద ఉన్న నమ్మకమే.

అలాంటి మనిషికి అంకె కనపడకుండా పోయింది. చిక్కుళ్ళు అయ్యాక నిలదీశాను. కంటి లోపలి పొర పాడయిందట. శుక్లమైతే తీసేసేవాళ్ళు, ఇది అలాంటిది కాదట. ఇంకా ముదరకుండా మందులు వాడటమే. మనుషులు కనపడతారు, దారి కనపడుతుంది, నీటి చుక్క మెరుపు కూడా కంటి కొసన కనపడుతుంది. సూటిగా దేన్ని చూస్తే దాని నడుమ మసి మచ్చ.

"మరి తూకం ఎలా పిలుస్తున్నావే?"

"పోయిన రెండు పట్టుబళ్ళకీ గుమాస్తానే చదవమన్నాను. కళ్ళజోడు మర్చిపోయానని చెప్పాను."

"రెండుసార్లూ మర్చిపోయావా?"

"అదే అన్నాడు ఆసామి కూడా" అంది తలెత్తకుండా.

ఆ చెరువు ఆసామి మంచివాడే. మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనంతోనే కబురు పెట్టాడట. "పెద్దవారయ్యారు, ఇంక విశ్రాంతి తీసుకోండి. వచ్చే పట్టుబడి నుంచి ఎవర్నయినా చూసుకుంటాం లెండి" అని. రైతు తరఫున కూర్చున్న మనిషి కొనేవాళ్ళ గుమాస్తా నోట విని అంకె పిలిస్తే ఇంక ఆ మనిషెందుకు? ఆయన్ని తప్పుపట్టలేం. ఒక్క పట్టుబడికి ఆగండి, కళ్ళకి మందు వేయించుకుంటున్నాను అని మా చెల్లెలు బతిమాలుకుంది. ఆ ఒక్కటీ మూడు వారాల్లో ఉంది. ఆ రోజు తనంతట తాను అంకెలు పిలవలేకపోతే స్టూలు దిగిపోవాలి. తన బెంగంతా అదే.

మా మనవరాలు పక్క గదిలోంచి అంతా విందట. వచ్చి, "చిన్న మామ్మా, ఆ కాటాకి వెనకాల వైరు పెట్టుకునే చోటు ఉందా?" అని అడిగింది.

ఇక్కడ తన ఉద్యోగం గురించి చెప్పాలి. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తుంది. వారానికి రెండు రోజులు రైల్లో వెళ్ళొస్తుంది, మిగతా రోజులు మా ముందుగదిలో కూర్చుని చేస్తుంది. రైసు మిల్లుల్లో పెట్టే తెరలకి ప్రోగ్రాములు రాస్తారు వాళ్ళు. ఏ తెర మీద ఏది కనపడినా అది బ్రౌజరులో తెరిచిన పేజీయేనట, మనం ఫోనులో వార్తలు చూసే పేజీ లాంటిదే. అంకెల్ని పైకి చదివి వినిపించే పేజీ ఒకటి తను ఇదివరకే సరదాకి చేసి ఉంచింది. "దానికి కాటా తెలిస్తే చాలు మామ్మా" అంది.

"తెలియకపోవడమేంటే? వైరు పెడతావు కదా."

"వైరు కంప్యూటరుకి తెలుస్తుంది. పేజీలో రాసిన స్క్రిప్టుకి తెలియదు. బ్రౌజరు తనకి ఏ వస్తువులు ఇచ్చిందో అవే దానికి తెలుసు. తేదీ తెలుసు, బొమ్మ తెలుసు, మీట తెలుసు. కాటా అనే వస్తువు దాని లోకంలోనే లేదు. నేను బ్రౌజరు లోపలికెళ్ళి, ఆ స్క్రిప్టుని నడిపే ఇంజనులోనే కాటా అనే కొత్త వస్తువు పుట్టించాలి."

"కొత్త కోడల్ని తెచ్చి ఇంట్లోవాళ్ళకి చూపించినట్టా? ఇదిగో ఈ పిల్ల పేరిది, దీనికి ఫలానా పనులొచ్చు అని?"

"అంతే! రెండు పనులొచ్చు. బరువు చెప్పడం వచ్చు, సున్నా చేసుకోవడం వచ్చు."

"రెండే వచ్చా? మా అత్తగారైతే వెనక్కి పంపించేసేవారు" అంటే పడీపడీ నవ్వింది.

ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని బయట పెట్టిన బ్రౌజరు ఒకటి ఉందట. దాని లోపలి సరంజామా అంతా తన ల్యాప్‌టాపులోకి దింపుకుంది. దాన్ని మార్చిన ప్రతిసారీ మళ్ళీ మొత్తం కట్టాలట. ఆ కట్టడానికి పప్పు నానేంత సేపు పట్టేది. ఆఫీసు పనయ్యాక సాయంత్రాలు కూర్చునేది. నేను టీ ఇస్తూ తెర వైపు చూస్తే ఎర్ర అక్షరాలు బారులు తీరి ఉండేవి. ఎరుపు మంచిది కాదని నాకు అర్థమైంది. అది తగ్గేదాకా మాట్లాడించేదాన్ని కాదు. నాకది ఎంత కష్టమో మీకు తెలియదు.

గొంతు మాత్రం నాదే పెట్టింది. కంప్యూటరు తెలుగు గొంతు ఎవరో కొత్తగా మన భాష నేర్చుకున్నవాళ్ళలా ఉందని, ఒకటి నుంచి వంద దాకా అంకెలూ, పావు, అర, ముప్పావు నా చేత చెప్పించి ఫోనులో ఎక్కించింది. మొదలుపెట్టమనగానే నేను "లాభం, రెండు, మూడు" అనేశాను. పుట్టింట్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆ అలవాటు. తను గమనించలేదు. మర్నాడు కిలో కందిపప్పు కాటా మీద పెడితే కంప్యూటరు నా గొంతుతో "లాభం!" అంది. "మామ్మా, నీ వల్ల నా ఇంజను చెడిపోయిందనుకున్నాను" అని ఆ ఒక్క మాటా మళ్ళీ చెప్పించింది.

ఇంట్లో పరీక్షలన్నీ బ్రహ్మాండంగా అయ్యాయి. అరువు తెచ్చిన కాటా మీద బియ్యం బస్తా, గ్యాసుబండ, రుబ్బురోలు పొత్రం ఒక్కొక్కటే పెట్టాం. పెట్టగానే చెప్పింది. మా చెల్లెలి చెవిలో ఇయర్‌ఫోను, మీద చీర కొంగు. "ఎవరికీ చెప్పొద్దు" అని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. నాకది అంత నచ్చలేదు. కానీ దాని ముఖం చూసి ఊరుకున్నాను.

పట్టుబడికి వారం ముందు వాళ్ళ ఊరు వెళ్ళి, పెరట్లో, పొరుగువాళ్ళు పట్టిన నాలుగు ట్రేల చేపలతో ఒకసారి చూసుకున్నాం. ట్రే పెట్టారు. మా చెల్లెలు చెయ్యెత్తింది. అంతే, చెవిలో నా గొంతు మొదలు. నలభై మూడు. నలభై రెండు ముప్పావు. నలభై రెండున్నర. నలభై రెండు పావు. నీళ్ళు కారుతున్న కొద్దీ బరువు తగ్గుతోంది, తగ్గిన ప్రతిసారీ కాటా పేజీకి చెబుతోంది, పేజీ దాని చెవిలో అరుస్తోంది. మా చెల్లెలు ఇయర్‌ఫోను పీకి చేతిలో పెట్టుకుంది.

"అక్కా, చిన్నప్పట్నుంచీ నీతో ఇదే గొడవ. ఒక్క మాట అని ఊరుకోవు కదే!"

మా మనవరాలికి నవ్వు రాలేదు. మా ఇంట్లో తూచినవన్నీ పొడి వస్తువులు. తడి ట్రే సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. "అంకె మూడు సెకన్లు కదలకుండా ఉంటేనే చెప్పమంటాను" అంది. దానికి మా చెల్లెలు, "కదలకుండా ఎప్పుడుంటుందమ్మా? చేప బతికున్నంతసేపూ కొట్టుకుంటుంది, చచ్చాక కూడా నీరు కారుతుంది. అదెప్పుడు చెప్పాలో దానికేం తెలుసు? నేను అడుగుతాను. అడిగినప్పుడు చెప్పమను" అంది.

మా మనవరాలు కాటా వైరు ఊడదీసింది. తర్వాత, "నేను తిరగేసి కట్టాను మామ్మా" అంది నాతో. తను పుట్టించిన వస్తువు తనంతట తానే పేజీని పిలుస్తోంది. అలా కాకుండా పేజీ అడిగినప్పుడే పలికేలా మార్చాలట. రెండు సాయంత్రాలు పట్టింది. అడగడానికి మన గుమ్మం పక్కన ఉండే కాలింగ్ బెల్ స్విచ్చి ఒకటి తెచ్చి, చెక్కకి బిగించి, కాలి బొటనవేలితో నొక్కేలా స్టూలు కిందకి అమర్చింది.

పట్టుబడి రోజు పొద్దున్నే ఏడింటికి గట్టు మీద ఉన్నాం. ల్యాప్‌టాపు బల్ల కింద బుట్టలో. పైన తువ్వాలు. బ్రౌజరు, అందులో కాటా, కాటాకి వైరు, వైరు మీద గడ్డి. నేను నోరు కట్టుకుని నిలబడ్డాను. ఎందుకంటే అబద్ధం నాకు పొట్టలో ఆగదు. మొదటి ట్రే వచ్చింది. చెయ్యెత్తింది, నీళ్ళు కారాయి, చెయ్యి దించింది, బొటనవేలు నొక్కింది. "నలభై ఒకటి పావు!" గుమాస్తా తొంగి చూసి, "నలభై ఒకటి పావు" అన్నాడు. ఆసామి నా వైపు చూసి, "కళ్ళకి మందు బాగా పనిచేసిందండీ" అన్నాడు సంతోషంగా. నేను దగ్గు తెచ్చుకున్నాను.

ముప్పై ట్రేల దాకా ఒక్క తడబాటు లేదు. ఆ తర్వాత ఒక ట్రే పెట్టారు. చెయ్యెత్తింది. దించింది. అంకె రాలేదు. బొటనవేలు మళ్ళీ కదలడం నాకు కనపడింది. మళ్ళీ. మా మనవరాలు బుట్ట వైపు చూస్తోంది కానీ అందరి ముందూ తువ్వాలు తీయలేదు.

"ఏవండీ, పిలవండి మరి" అన్నాడు గుమాస్తా.

నేను నిలబడ్డ చోటికి కాటా అంకె చక్కగా కనపడుతోంది. ముప్పై తొమ్మిది పావు. మెల్లిగా అంటే చాలు, తనకి వినిపిస్తుంది. నోరు తెరిచాను. మా చెల్లెలికి నేను సరిగ్గా కనపడను, అయినా అరచెయ్యి నా వైపు పెట్టింది, నీళ్ళు కారే ట్రేకి పెట్టినట్టే. తర్వాత కొంగు తీసి, ఇయర్‌ఫోను బల్ల మీద పెట్టింది.

"నాకు అంకె కనపడదండీ. పోయిన రెండు పట్టుబళ్ళ నుంచీ ఇంతే."

వల లాగేవాళ్ళు కూడా ఆగిపోయారు.

"మరి ఇందాకట్నుంచీ పిలిచిందంతా ఏంటండీ?" అన్నాడు ఆసామి.

"కాటా నా చెవిలో చెప్పింది. మా మనవరాలు చేసింది. నేను చెప్పమన్నప్పుడు చెబుతుంది. ఇప్పుడు మానేసింది."

గుమాస్తాకి కోపం వచ్చింది. "అంటే మాతో ఆటలాడుతున్నారా ఏంటండీ? ముప్పై ట్రేలు చెవిలో మంత్రం వినేసి పంపించేశారా?" ఆసామి తల తిప్పి లారీ వైపు చూశాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది నాకు. చివరికి ఆయనే, "మాట అనుకునే ముందు చూసుకుందాం" అని లారీలోంచి ఆరు ట్రేలు దింపించాడు. ఇంకా ఐసు వేయని ట్రేలు. ఒక్కొక్కటే తూచారు. పిలిచిన అంకెకీ ఇప్పటి అంకెకీ మధ్య తర్వాత ఆరిన తడికి మించి తేడా లేదు. గుమాస్తా ఆరోది తనే రెండుసార్లు తూచాడు.

ఈలోగా మా మనవరాలు గట్టు మీద బాసింపట్టు వేసుకుని ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుంది. పావుగంటలో తప్పు దొరికింది. ఆ స్క్రిప్టు ఇంజనులో ఊడ్చే పని ఒకటుంటుందట. ఎవరూ పట్టుకుని లేని వస్తువు కనపడితే అక్కర్లేదనుకుని ఊడ్చేస్తుంది. తన కాటా వస్తువుని పుట్టించి పేజీకి చూపించింది గానీ, ఇది నాకు కావాలి, ఉంచు అని ఇంజనుకి గట్టిగా చెప్పలేదట. ఇంట్లో పది పన్నెండుసార్లే చూశాం కాబట్టి ఊడ్చే వేళ రాలేదు. ఇక్కడ వచ్చింది.

"బంతి భోజనాల్లో ఆకు ముందు మనిషి లేకపోతే తీసేసినట్టా?" అన్నాను. "పిల్లాడి ముక్కు తుడిచి వద్దామని లేచినా సరే, పక్కావిడతో చెప్పి వెళ్ళాలి. లేకపోతే వచ్చేసరికి ఆకు ఉండదు."

"సరిగ్గా అంతే మామ్మా. నేను పక్కావిడకి చెప్పలేదు" అంది. కళ్ళనిండా నీళ్ళు. దాని తలమీద చెయ్యి వేశాను. ప్రోగ్రాములో ఒక్క వరస మార్చి, మళ్ళీ కట్టి, ఆ కట్టినంతసేపూ తూచిన చేపల మీద ఐసు వేయించి, ఈసారి ఇయర్‌ఫోను లేకుండా పెద్దగా వినపడేలా పెట్టింది. స్విచ్చిని స్టూలు కింద నుంచి తీసి బల్ల మీద పెట్టింది.

గుమాస్తా నొక్కి చూశాడు. "ముప్పై తొమ్మిది!" అంది నా గొంతు, గట్టు అంతా వినపడేలా. అతను నా వైపు చూసి కొంచెం నవ్వాడు కూడా. వెంటనే, "ఇదేదో బాగుందండి. అదే చెబుతోంది కదా. ఎవరు నొక్కితే ఏంటి? ఆవిడ్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు?" అన్నాడు.

నా మనవరాలు చేసిన వస్తువే నా చెల్లెల్ని స్టూలు మీంచి దించేసేలా ఉంది. మా చెల్లెలు లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

తర్వాతి ట్రేకి స్విచ్చి ఆసామి మనిషి నొక్కాడు. నీళ్ళు ఇంకా ధారగా ఉండగానే. "నలభై నాలుగు!" గుమాస్తా ఎగిరిపడ్డాడు. "అదేం తూకమండీ బాబూ, సగం చెరువు తూచారు!" సరే, రెండో ట్రేకి నేను నొక్కుతాను అని గుమాస్తా స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడు. నీటి చుక్కలు ఆగాయి. ఇంకా నిలబడ్డాడు. "ఏవండీ, ఎండబెట్టి తీసుకెళ్తారా ఏంటి, ఉప్పు కూడా వేయమంటారా?" అన్నాడు ఆసామి మనిషి. వల లాగేవాళ్ళు గొల్లున నవ్వారు. మూడో ట్రేకి ఇద్దరి వేళ్ళూ స్విచ్చి మీదే. కాటా రెండుసార్లు పలికింది, రెండు అంకెలు. నా గొంతుతో నేనే నాకు ఎదురు చెప్పుకున్నట్టు వినపడింది.

ఎండ ఎక్కుతోంది. లారీ డ్రైవరు హారను కొట్టాడు. గుమాస్తా నుదురు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా, "ఆవిడ్నే నొక్కమనండి" అన్నాడు.

మా చెల్లెలు వెంటనే కూర్చోలేదు. "నాకు కనపడదని తెలిసే అంటున్నారా?" అంది.

"నీళ్ళు కనపడతాయా?"

"కంటి కొసన మెరుస్తాయి. చప్పుడు కూడా వినపడుతుంది. చుక్క రేకు మీద పడేది నాకు తెలుస్తుంది."

"అది చాలండి. అంకె సంగతి అది చూసుకుంటుంది."

మళ్ళీ కూర్చుంది. మిగతా ట్రేలన్నీ పన్నెండు లోపు అయిపోయాయి. ఒక్క ట్రేకి మాత్రం గుమాస్తా "ఇంకొంచెం ఆగాల్సిందండీ" అన్నాడు. మా చెల్లెలు "ఆగితే మీ ఐసు కరుగుతుంది" అంది. అతను అంకె తిరిగి చెప్పాడు.

మేం బుట్ట సర్దుకుంటుంటే ఆసామి వచ్చాడు. ముందు మా మనవరాలి దగ్గర, వైరు వర్షానికి తట్టుకుంటుందా అని అడిగాడు. తర్వాత మా చెల్లెలి ఎదురుగా కాకుండా, తనకి కనపడేలా కాస్త పక్కగా నిలబడ్డాడు. అలా నిలబడాలని ఎవరు చెప్పారో తెలియదు.

"నాకు ముందే చెప్పి ఉండాల్సిందండీ" అన్నాడు.

"చెబితే ఉంచేవారా?"

"ఉంచేవాణ్ణి కాదేమో" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. "వచ్చే నెలలో పక్క చెరువు పట్టాలి. కంటి డాక్టరు దగ్గరికి మీరు ఏ రోజు వెళ్ళాలో చెప్పండి. ఆ రోజు తప్పించి పెట్టుకుంటాం."

మా చెల్లెలు ఆ రోజు ఎప్పుడో నన్ను అడిగింది. ఇంటికెళ్ళి క్యాలెండరు చూసి ఫోను చేస్తానన్నాను.